నవల అధ్యాయాలు ఒకదానికొకటి అతకాలంటే: నాన్న చిట్టాలో దొరికిన దారి

"ఇరవై అధ్యాయాలు రాశాను, వేటికవి బాగున్నాయంటున్నారు, కలిపి చదివితే మాత్రం నవలలా లేదు, తిరగరాతలో ఏం చేయాలి?" అని అడిగారు కదా. నాదీ అచ్చం ఇదే అవస్థ.

సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని మూడేళ్లలో పద్దెనిమిది అధ్యాయాలు రాశాను. 1986 ఆగస్టు గోదావరి వరద, కూనవరం దగ్గర శబరి ఒడ్డున ఒక ఊరు, అందులో ఒక కుటుంబం. స్పైరల్ బైండింగ్ చేయించి మా చిన్నక్కకి ఇచ్చాను. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠం చెప్పిన మనిషి. నాలుగు రోజులకి ఫోన్ చేసి, "ఒరే, ఆరో దాంట్లో గొడ్లు కొట్టుకుపోయాయని గుండెలు బాదుకున్న ముసలమ్మ, ఏడో దాంట్లో చారులో ఉప్పెక్కువైందని కోడలితో గొడవ పడుతుందేంట్రా? మధ్యలో గొడ్లు తిరిగొచ్చాయా?" అంది.

నవ్వేశాను గానీ, నెల రోజులు ఆ కట్ట ముట్టుకోలేదు.

ముట్టుకున్నాక మొదట చేసింది తప్పుడు పని. అతుకులు వేశాను. అధ్యాయం మొదట్లో "ఇలా ఉండగా", "ఆ రాత్రి గడిచాక" అని వాక్యాలు తగిలించాను. ఒక ఇత్తడి చెంబును మూడు అధ్యాయాలకోసారి కనిపించేలా పెట్టాను, ప్రతీక అనుకుని. అక్క దాన్ని గమనించనే లేదు. దాని వల్ల కథలో ఎవరికీ ఏమీ కానప్పుడు ఎందుకు గమనిస్తుంది?

దారి దొరికింది మా నాన్న కిరాణా కొట్టు చిట్టాలో. ఆయన పేజీ అడుగున తేలిన మొత్తాన్ని తర్వాతి పేజీ పైన మళ్లీ రాసుకునేవారు, లెక్క అక్కణ్ణుంచే మొదలయ్యేది. నేనూ ఒక నోటుబుక్కులో అధ్యాయానికో పేజీ కేటాయించాను. జరిగిన కథ రాయలేదు. అడుగున, ఆ అధ్యాయం తీర్చకుండా వదిలేసిన బాకీ మాత్రమే రాశాను: చెప్పిన అబద్ధం, ఇచ్చిన మాట, పోయిన వస్తువు, మింగిన కోపం. తర్వాతి పేజీ పైన, ఆ బాకీ ఎవరి నెత్తిన పడిందో రాశాను. ఐదు పేజీల్లో పైన రాయడానికి ఏమీ దొరకలేదు. నవల తెగింది సరిగ్గా ఆ ఐదు చోట్లే.

ఉప్పు గొడవని నేను తీసేయలేదు, ఇది ముఖ్యం. దానికి ముందు నాలుగు వాక్యాలు చేర్చానంతే. ముసలమ్మ పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ బియ్యం కడిగిన నీళ్లు పట్టుకుని కుడితి తొట్టి దాకా వెళ్తుంది. కొట్టం ఖాళీ. ఆ నీళ్లు అక్కడే పారబోసి లోపలికొచ్చి చారు నోట్లో పెట్టుకుంటుంది. తర్వాతి గొడవలో ఒక్క మాటా మార్చలేదు, కానీ అది ఇప్పుడు ఉప్పు గురించి కాదని చదివేవాళ్లకి తెలుస్తోంది.

పదకొండో అధ్యాయం మాత్రం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, ఎవరికీ ఏమీ వదల్లేదు. అందరూ మెచ్చుకున్నదీ అదే. విడిగా కథ చేసి పంపాను, అచ్చయింది.

ఇంకో రోగం సీరియళ్లు చదివి తగిలింది. ప్రతి అధ్యాయాన్నీ "సశేషం" పడబోతున్నట్టే ఉలికిపాటుతో ముగించేవాణ్ణి. వారం ఆగి చదివేవాళ్లకి అది కావాలి. పేజీ తిప్పితే చాలనుకునేవాళ్లకి, పది పేజీలకోసారి బస్సు బ్రేకు వేసినట్టుంటుంది. పన్నెండు ముగింపుల్లో చివరి పేరా కొట్టేశాను. ఒక్కదాన్నీ మళ్లీ చేర్చాలనిపించలేదు.

ఇక తేదీలూ నీళ్లూ. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఆగస్టు 16న మట్టం 75.6 అడుగులకు చేరింది. గోదావరి అంత ఎత్తున ఉంటే శబరి నీళ్లు కలిసే దారి లేక వెనక్కి ఎగదన్నుతాయి. ప్రతి సన్నివేశం పక్కన తేదీ, నీటిమట్టం పెన్సిల్‌తో రాసుకుంటూ పోతే, తొమ్మిదో అధ్యాయంలో ఇంటి కప్పు తాకిన నీళ్లు అదే సాయంత్రం పదో అధ్యాయంలో గడప దగ్గరున్నాయి! 16 రాత్రిని "అమావాస్య చీకటి" అని కూడా రాసి ఉంచాను. శ్రావణ పౌర్ణమి 19న. మబ్బు చీకటి అని మార్చాను.

యాస కూడా మూడేళ్లలో జారిపోయింది. కోడలు మొదట్లో "అత్తమ్మా" అంటుంది, చివర్లో "అత్తయ్యా" అంటుంది. ఆ ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరిలోనే ఉంది, తర్వాత ఖమ్మం జిల్లాలో కలిసింది, రెండు పలుకులూ వినిపిస్తాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊళ్లో రెండూ వినిపించొచ్చు, ఒకే మనిషి అదే అత్తని రెండు రకాలుగా పిలవదు కదా. ఒక్కొక్క పాత్ర మాటల్ని మాత్రమే వరసగా పైకి చదివితే ఇలాంటివి దొరుకుతాయి.

బాకీలన్నీ తీర్చేయాలని మాత్రం పట్టుబట్టకండి. మా నవల్లో తండ్రి చెప్పిన ఒక అబద్ధం చివరిదాకా బయటపడదు. అయినా ప్రతి పేజీ పైనా అది ఎక్కుతూనే ఉంది, కొడుకు దాన్ని నమ్మే బతుకుతున్నాడు కాబట్టి.

ముందు నోటుబుక్కు పని చూడండి, వాక్యాల జోలికి ఆఖర్న వెళ్లండి. నేను తిరగేసి చేశాను. ముచ్చటపడి చెక్కిన నలభై పేజీలు తర్వాత తీసేయాల్సొచ్చింది.