పాఠకుల ప్రశ్నలు: భీమిలి తీరం వెంట సైకిల్, కెమెరా

ప్రశ్న: విశాఖపట్నం ఆర్.కె. బీచ్ నుంచి భీమునిపట్నం వరకు తీరం వెంట తీరికగా సైకిల్ తొక్కుతూ, ఫొటోలు తీసుకుంటూ వెళ్ళి రావాలని ఉంది. ఎప్పుడు బయలుదేరాలి? ఎక్కడెక్కడ ఆగాలి? ఉప్పుగాలికి కెమెరా పాడవకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఈ దారి ఒక వైపుకు 25 కిలోమీటర్లకు కాస్త పైనే ఉంటుంది. మా సలహా ఏమిటంటే, వెళ్ళేటప్పుడు ఎక్కువగా తొక్కండి, వచ్చేటప్పుడు ఎక్కువగా ఆగండి. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కనుక భీమిలి వైపు సాగుతున్నప్పుడు సముద్రం రోడ్డుకు అవతల ఉంటుంది. ఆగిన ప్రతిసారీ వాహనాల మధ్య రోడ్డు దాటవలసి వస్తుంది. తిరుగు ప్రయాణంలో సముద్రం మన పక్కనే ఉంటుంది, పైగా పొద్దుటి ఎండ సముద్రం వైపు నుంచి పడి కొండలు రంగులతో సహా స్పష్టంగా కనిపిస్తాయి. శీతాకాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి, ఎదురుగాలి శ్రమంతా ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే తీరిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలలే ఈ ప్రయాణానికి అనువైనవని మా అభిప్రాయం.

అప్పుడు సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఆ వేళకు ఋషికొండ చేరేలా, సైకిల్‌కు ముందూ వెనుకా దీపాలు పెట్టుకొని చీకటితోనే బయలుదేరండి. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. దాని ఎదురుగా కొండ మీద తొట్లకొండ బౌద్ధ క్షేత్రం ఉంది గానీ, ఆ ఎత్తు ఎక్కడం మరో రోజుకు ఉంచుకోవడం మేలు. ఎక్కువ సమయం ఇవ్వవలసినవి ఎర్రమట్టి దిబ్బలు. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వాటి గండ్లలో నీడలు లోతుగా పడి, ఎరుపు చిక్కగా కనిపిస్తుంది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ దిబ్బలు చాలా పెళుసైనవి. దయచేసి సైకిల్‌ను రోడ్డు దగ్గరే నిలిపి, నడక దారి మీదే వెళ్ళండి. భీమిలిలో డచ్చివారి సమాధులూ, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటూ చూడదగినవి.

ఒడ్డున జాలర్లు అలివి వల లాగుతుంటే తప్పక ఆగండి. అయితే ముందు పలకరించి, అనుమతి అడిగిన తర్వాతే కెమెరా పైకెత్తండి, వలను మాత్రం తొక్కకండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మోటారు పడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక, పడవల రాకపోకలు చూడాలనుకుంటే ఆ రోజులు పనికిరావు.

ఇక కెమెరా సంగతి. హ్యాండిల్‌కు కట్టిన కెమెరాకు కుదుపులు నేరుగా తగులుతాయి; వీపుకు బిగుతుగా ఉండే చిన్న సంచిలో పెట్టుకోండి. తీరంలో లెన్సు మార్చవద్దు. తెల్లటి నురుగు, మెరిసే ఇసుక ఫ్రేమంతా నిండినప్పుడు కెమెరా వెలుతురును ఎక్కువగా అంచనా వేసి చిత్రాన్ని చీకటిగా తీస్తుంది కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను (కెమెరాలోకి తీసుకునే వెలుతురును) ఒక స్టాప్ వరకు, అంటే రెట్టింపు దాకా, పెంచండి. ఇంటికి చేరగానే లెన్సు మీది ఇసుకను ముందు బ్లోయర్‌తో ఊదేయండి. ఊదకుండా తుడిస్తే గీతలు పడతాయి. ఆ తర్వాత మంచినీటితో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో కెమెరా బయటి భాగాన్ని తుడిచి, ఆరబెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచండి. సైకిల్ చైనును కూడా ఆ రోజే తుడిచి నూనె వేయండి, లేకపోతే ఉప్పు తేమకు త్వరగా తుప్పు పడుతుంది.