మ్యూజియం ప్రసంగాలను రికార్డు చేయబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

మ్యూజియంలో కళాకారుల ప్రసంగాలనూ చర్చాగోష్ఠులనూ రికార్డు చేసే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఏ కెమెరా కొనాలని అడిగావు. ఆ సంగతికి వస్తాను గాని, ఎవరి కోసం రికార్డు చేస్తున్నావో ముందు తేల్చుకో. ఆ సాయంత్రం హాల్లో కూర్చున్నవారికి నీ రికార్డుతో పెద్దగా పనిలేదు. ఆ హాలును ఎన్నడూ చూడని, అక్కడి గోడల మీద ఏ చిత్రాలున్నాయో తెలియని, మాట్లాడినవారు బతికి లేని కాలంలో వినబోయే మనిషి కోసం నువ్వు పనిచేస్తున్నావు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1961 అక్టోబరులో జరిగిన గోష్ఠిలో కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్, మామూలు వాడుక వస్తువులనే ఎంచుకొని కళాకృతులుగా నిలబెట్టిన తన రెడీమేడ్‌ల గురించి చదివినది చాలా చిన్న ప్రకటన. ఆ వస్తువులను తాను అందం చూసి ఎంచుకోలేదని అందులో ఆయన చెప్పిన మాటను కళాచరిత్రకారులు ఇవాళ్టికీ ఉదాహరిస్తూనే ఉన్నారు. మరుసటి సంవత్సరం డిసెంబరులో అక్కడే, ప్రకటనలూ కామిక్ బొమ్మలూ వంటి వాటిని కళలోకి తెచ్చిన పాప్ ఆర్ట్ మీద చర్చ జరిగినప్పుడు హిల్టన్ క్రేమర్ వంటి విమర్శకులు ఆ కొత్త ధోరణి మీద ఎలా విరుచుకుపడ్డారో, క్యురేటర్ హెన్రీ గెల్డ్‌జాలర్ దాన్ని ఎలా వెనకేసుకొచ్చాడో మనకు తెలుస్తున్నదంటే, ఆ మాటలు ఆ రాత్రితోనే గాలిలో కలిసిపోకుండా ఎవరో జాగ్రత్త పడ్డారు కాబట్టే.

అందువల్ల నీ మొదటి శ్రద్ధ శబ్దం మీద ఉండాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినబడకపోతే రెండు నిమిషాల్లో కట్టేస్తారు. పైగా మ్యూజియం గదులు మాటకు శత్రువులు: ఎత్తైన కప్పు, బోసి గోడలు, రాతి నేల, వీటన్నిటి మధ్యా ప్రతి మాటా ప్రతిధ్వనిస్తుంది. దూరంగా పెట్టిన మైకు ఎంత ఖరీదైనదైనా అక్కడ పనికిరాదు. వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరికీ విడిగా కాలర్ మైకు పెట్టి, దాన్ని గడ్డానికి జానెడు కింద బిగించి, గొలుసో కండువానో దానికి రాసుకోకుండా చూసి, ఎవరి గొంతు వారి ట్రాక్‌లో విడిగా రికార్డయ్యేలా ఏర్పాటు చేసుకో. ఇద్దరు ఒకేసారి మాట్లాడినప్పుడు, ఒకరు దగ్గినప్పుడు ఆ విడి ట్రాకులే నిన్ను కాపాడతాయి. శబ్దం నాణ్యతలో 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్‌లకు తగ్గవద్దు. జనం రాకముందు ఖాళీ హాలు శబ్దాన్ని ఒక నిమిషం పాటు రికార్డు చేసి ఉంచుకుంటే, తరువాత ఎక్కడైనా కత్తిరించవలసి వచ్చినప్పుడు ఆ అతుకు చెవికి తెలియదు.

ఇక కళాకారుల ప్రసంగాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వాళ్లు వేలితో మాట్లాడతారు. "ఇదిగో, ఇక్కడ చూడండి, ఈ అంచును నేను మళ్లీ గీకేశాను, అప్పుడు అది ఇలా వచ్చింది" అని ఒక చిత్రకారిణి తెర వైపు చెయ్యి చూపిస్తుంది. హాల్లో అందరూ తల ఆడిస్తారు. రికార్డు వినేవాడికి మాత్రం ఏ చిత్రమో, ఏ అంచో, ఎలా వచ్చిందో తెలియదు. ప్రసంగంలో అన్నిటికంటే విలువైన వాక్యం అక్కరకు రాకుండా పోతుంది. దీనికి కెమెరాను అటూ ఇటూ తిప్పడం మందు కాదు. స్లయిడ్లను కంప్యూటర్ నుంచి నేరుగా, వేరే ట్రాక్‌గా రికార్డు చెయ్యి. సంధానకర్తతో ముందే మాట్లాడి, అటువంటి చోట "అంటే 1998 నాటి ఆ పెద్ద కాన్వాసులో కుడివైపు కింది మూల గురించేనా మీరు చెబుతున్నది?" అని అడగమని ఒప్పించు. మంచి సంధానకర్త చర్చ వేడి తగ్గకుండానే ఆ పని చేయగలడు. (అతిథుల బిరుదులన్నీ పావుగంట సేపు చదివే సంధానకర్తతో ఏం చెయ్యాలో మాత్రం నాకు ఇప్పటికీ తోచలేదు.) చూపించిన ప్రతి కృతికీ పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు, ఎవరి సేకరణలో ఉన్నదీ రాసిన జాబితాను ప్రసంగానికి ముందే అడిగి తీసుకో, ముగిశాక ఎవ్వరూ ఇవ్వరు.

సభికుల ప్రశ్నలకు తప్పకుండా చేతి మైకు పంపు. మైకు చేరకముందే ఎవరైనా మొదలుపెడితే, ప్రశ్నను సంధానకర్త తిరిగి చెప్పాలి. సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగం కంటే అనుకోని ప్రశ్నకు ఇచ్చిన జవాబులోనే కళాకారుడు ఎక్కువగా బయటపడతాడు. ప్రశ్న వినబడని జవాబు సగం జవాబే.

నువ్వడిగిన కెమెరా విషయం. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి గనుక, కాగితం మీద వేసిన చిత్రాలకూ వస్త్రాలకూ సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వరు. కాబట్టి ప్రదర్శనశాలలోనే ప్రసంగం జరిగితే నీ దీపాలు వెలిగించే ముందు పరిరక్షణ విభాగాన్ని అడగాలి, చాలాసార్లు వద్దంటారు. తక్కువ వెలుతురులో బాగా పనిచేసే మామూలు కెమెరాలు రెండు, ఒకటి వేదిక మొత్తానికి, ఒకటి మాట్లాడేవారికి, చాలు.

ఎడిటింగ్‌లో చెయ్యి కాస్త పొదుపుగా వాడు. జవాబుకు ముందు శిల్పి చాలాసేపు ఊరుకుంటే ఆ మౌనాన్ని కత్తిరించకు, అది కూడా జవాబులో భాగమే. మాట కింద సంగీతం పెట్టవద్దు. యంత్రం తయారుచేసిన ఉపశీర్షికలు మనుషుల పేర్లనూ సాంకేతిక పదాలనూ దారుణంగా తప్పు రాస్తాయి గనుక, ఒక మనిషి కూర్చొని సరిచూడవలసిందే.

భద్రపరచడం గురించి క్లుప్తంగా చెబుతాను. 1970, 80 దశకాల నాటి అయస్కాంత టేపులు కొన్నింటిలో పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి బంకబారింది. వాటిని నియమిత వేడిలో ఆరబెడితే గాని ఆడించలేరు. నీ హార్డ్‌డిస్కుకూ దాని రోగం దానికి ఉంటుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే భవనంలో ఉంచు. ఫైలు పేరులోనే తేదీ, వక్త పేరు ఉండాలి.

చివరిగా అనుమతుల మాట. కాపీరైటు మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రసంగాలను కూడా కాపీరైటు పొందగల రచనల్లోనే చేర్చింది. తెర మీద చూపిన చిత్రాల హక్కులు మరొకరివి కావచ్చు. రికార్డు చేయడానికి, భద్రపరచడానికి, అందరికీ విడుదల చేయడానికి విడివిడిగా, ప్రసంగానికి ముందే సంతకం తీసుకో. ఆ తరువాత కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి, గ్యాలరీ యజమాని గురించి తాను అన్న మాట తీసేయమంటారు. వాదించకు. విడుదల చేసే ప్రతిలో ఆ భాగం తీసేసి, అక్కడ కత్తిరించామని తెర మీద రాయి. పూర్తి ప్రతిని మాత్రం ఎన్నేళ్లు మూసి ఉంచాలో ఆ వక్తతోనే మాట్లాడుకొని, ఆ గడువును కాగితం మీద పెట్టించుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి