కొత్తగా పర్లాకిమిడి వచ్చాం, ఇక్కడివాళ్లతో మర్యాదగా మాట్లాడటం ఎలా?

ప్రశ్న: మావారికి గుంటూరు నుంచి ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడికి బదిలీ అయింది. ఇక్కడి తెలుగువాళ్లు మొదటి పరిచయంలోనే ‘నువ్వు’ అనేస్తుంటే మనసు చివుక్కుమంటోంది. మాకు ఒడియా ముక్క రాదు. ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందో అని టెన్షన్. ప్రతిదానికీ థాంక్స్, సారీ చెప్పాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

మాది ఇక్కడే మందుల షాపు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి కౌంటర్ దగ్గర కూర్చునేది నేనే. సరిహద్దు అవతల పాతపట్నం వైపు నుంచి తెలుగువాళ్లు వస్తారు, గుమ్మ, సెరంగో కొండల నుంచి సవర గిరిజనులు వస్తారు, టౌన్‌లోని ఒడియా వాళ్లు సరేసరి. పొద్దస్తమానం మాటలతోనే పని కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ ‘నువ్వు’ సంగతి. దానికి మీరు అస్సలు నొచ్చుకోకండి. శ్రీకాకుళం జిల్లాలోనూ, సరిహద్దుకు ఇవతల మా పల్లెల్లోనూ కన్నతల్లినీ, తాతనీ, మేనమామనీ కూడా నువ్వనే అంటారు. మా వైపు గౌరవమంతా పిలుపులో ఉంటుంది. ‘ఏటి కావాలమ్మా నీకు?’, ‘ఇలా కూకో తల్లీ’, ‘ఎప్పుడొచ్చినావు బాబూ?’ అంటారు చూడండి, ఆ అమ్మా, తల్లీ, బాబూ ఉన్నంతసేపూ అవతలివాళ్లు మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నట్టే. అవేవీ లేకుండా మొహం కూడా చూడకుండా ‘ఏటి కావాలి?’ అన్నారనుకోండి, అప్పుడు అది విసుగో కోపమో అయి ఉంటుంది. కూరగాయల పెద్దావిడ మీవారిని ‘బాబూ, నువ్వు తీసుకో, డబ్బులు రేపియ్యు’ అందంటే, ఆవిడ మిమ్మల్ని అప్పుడే తన ఊరి మనుషుల్లో కలిపేసుకుందన్నమాట.

మీరు మాత్రం మీకు అలవాటైనట్టు ‘మీరు’ అనే మాట్లాడండి. కలిసిపోవాలని మీరూ నువ్వు మొదలుపెట్టనక్కర్లేదు. వాళ్ల నోట వచ్చే నువ్వులో ఉన్న చనువు మన నోట రావడానికి కొన్నేళ్లు పడుతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ‘ఏటి’, ‘వచ్చీసినాను’ అంటూ ఇక్కడి యాసను వాళ్ల ముందే అనుకరించి నవ్వడం కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది చేస్తారు. సరదాకే అనుకుంటారు గానీ, ఎదుటివాళ్లకు గుచ్చుకుంటుంది. మరోసారి మీ ముందు నోరు విప్పడానికి జంకుతారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మాస్టారుగా చేరింది ఈ ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లో చోటివ్వాలని ఆయన పోరాడారు. అంతేకాదు, సవరలతో వాళ్ల భాషలోనే మాట్లాడాలని సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూడా రాశారు. అలాంటి ఊళ్లో ఒకరి మాటను చూసి నవ్వడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక ఒడియా. రాకపోవడం తప్పేమీ కాదు. కానీ మొదట నేర్చుకునే నాలుగు ముక్కలు మంచివి నేర్చుకోండి. ఒడియాలో ఎదుటి మనిషిని పిలవడానికి మూడు మెట్లున్నాయి. ‘తు’ చిన్నపిల్లలకీ, బాగా దగ్గరివాళ్లకీ. ‘తుమే’ ఈడువాళ్లకీ, చనువున్నవాళ్లకీ. ‘ఆపణ’ కొత్తవాళ్లకీ, పెద్దలకీ. కొత్తవాళ్ల చెవిన ఎక్కువగా పడేవి మొదటి రెండే, ఎందుకంటే వీధిలో పిల్లలు, బజారులో స్నేహితులు వాటితోనే మాట్లాడుకుంటారు. అవే పట్టుకుని ఆఫీసులో పెద్దాయన్ని ‘తు’ అంటే గొడవే. అందుకని ముందు ‘ఆపణ’తో మొదలుపెట్టండి. ఇంటికొచ్చినవాళ్లను ‘ఆసొంతు, బొసొంతు’ అంటే రండి, కూర్చోండి అన్నట్టు. ఏదైనా అడిగేటప్పుడు మనం ‘కాస్త’ అన్నట్టు వాళ్లు ‘టికే’ అంటారు. పెద్దల మాటకు ‘ఆజ్ఞా’ అని బదులిస్తే చాలు, మిగతాదంతా తప్పులతడకగా ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దవాళ్లను మౌసా, మౌసీ అనొచ్చు. మనం బాబాయ్, పిన్నీ అన్నట్టే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తోంది. ఇలాంటి సరిహద్దు ఊళ్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మర్యాద ఏమిటంటే, అక్కడ నిలబడ్డ మూడో మనిషిని మాటల్లోంచి బయటికి నెట్టకపోవడం.

షాపులో రోజూ చూస్తాను. ఒక ఒడియా మాస్టారు వాళ్లమ్మగారి బీపీ మాత్రల కోసం నిలబడి ఉంటారు. ఈలోగా మా చుట్టాలమ్మాయి వస్తుంది, ఇద్దరం తెలుగులో పడతాం. మధ్యలో ఆ అమ్మాయి పకాలున నవ్వుతుంది. మాస్టారు తన చొక్కా వంక చూసుకుంటారు, తర్వాత చేతిలో చీటీ వంక చూస్తారు. తన గురించే నవ్వారేమోనని అనుమానం. అలాంటప్పుడు నేను వెంటనే ఆయన వైపు తిరిగి, ఒడియాలో ‘వీళ్ల పాప స్కూల్లో చేసిన అల్లరి చెబుతోంది మౌసా’ అని ఒక్క ముక్క చెబుతాను. ఆయన మొహం తేటపడుతుంది, ‘మా మనవడూ అంతే’ అంటారు. నిమిషం కూడా పట్టని పని. భాష రాకపోతే సైగతోనైనా, సగం హిందీతోనైనా చెప్పొచ్చు. మీ ఇంట్లో పనిచేసే మనిషి పక్కనుండగా, మీవారి ఆఫీసు వాళ్లు భోజనానికి వచ్చినప్పుడు ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం సరిహద్దుకు అవతలే ఉండిపోయింది. సంబంధాలు, బజారు పనులు మాత్రం ఎప్పటిలాగే రెండువైపులా నడుస్తున్నాయి. కాబట్టి ఇక్కడ ఒడియా మాట్లాడే చాలామందికి తెలుగు అర్థమవుతుంది. వాళ్లకేం తెలుస్తుందిలే అని ఆటోలో కూర్చుని డ్రైవర్ గురించో, చీరల షాపులో ధర గురించో తెలుగులో నోరుజారకండి. వాళ్లు విన్నా విననట్టే ఉంటారు, అది వాళ్ల మర్యాద.

సవరల విషయంలో నాకు ఇంకా పట్టుదల ఎక్కువ. సంతకి అల్లం, పసుపు, జీడిపిక్కలు తెచ్చిన ముసలమ్మను ‘ఏయ్’ అని పిలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదే మనిషి బ్యాంకు మేనేజర్‌ను ‘సార్ సార్’ అంటాడు. మా షాపులో పనికి చేరిన కుర్రాళ్లకు నేను పెట్టే మొదటి షరతు, కొండ నుంచి వచ్చిన వాళ్లనైనా సరే అమ్మా, అయ్యా అనే పిలవాలి. మందులు చెప్పేటప్పుడు కూడా ‘అర్థమైందా?’ అని గద్దించినట్టు అడగనివ్వను. అలా అడిగితే అర్థం కాకపోయినా తలూపి వెళ్లిపోతారు. ‘నేనేమైనా చెప్పడం మరిచానేమో, ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పమ్మా’ అంటే, మాత్ర చేతిలో పెట్టుకుని ‘పొద్దున ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి’ అని చెబుతారు. తప్పు చెబితే అక్కడే దిద్దొచ్చు, వాళ్లకూ చిన్నతనం ఉండదు. ఆడపిల్లలు ఏదైనా మెల్లిగా అడిగితే మేమూ మెల్లిగానే మాట్లాడతాం, కాగితంలో చుట్టి ఇస్తాం. ‘ఏంటీ? గట్టిగా చెప్పు!’ అనే మాట మా కౌంటర్ దగ్గర వినపడకూడదు.

కాదనడం కూడా ఇలాగే. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడుగుతారు, ఇవ్వకూడదు. ‘లేదు, ఫో’ అన్నా పని అవుతుంది. కానీ ‘ఇది నా అంతట నేనిస్తే మీకే ఇబ్బంది బాబూ, ఒక్కసారి డాక్టరుగారికి చూపించుకుని రండి, నేను షాపు మూయను’ అంటే ఆ మనిషి కోపంతో కాకుండా చీటీతో తిరిగొస్తాడు.

థాంక్స్, సారీ అడిగారు కదా. షాపులో, ఆటోలో, ఆఫీసులో శుభ్రంగా చెప్పండి, అందరికీ అలవాటే. ఇరుగుపొరుగుతో మాత్రం మాటమాటకీ థాంక్స్ అంటే దూరం పెడుతున్నట్టు అనిపిస్తుంది. పక్కింటావిడ గిన్నెడు పులుసు పంపితే, ‘పులుసు ఎంత బావుందో, మావారు ఇంకో ముద్ద కలుపుకున్నారు వదినా’ అని మర్నాడు చెప్పండి. ఆ గిన్నె ఉత్తది పంపకుండా ఏదో ఒకటి వేసి పంపండి. ఎవరైనా మీకోసం ఎండలో తిరిగి పని చేసిపెడితే ‘మిమ్మల్ని శ్రమ పెట్టాను’ అనండి. సారీ బదులు ‘ఏమీ అనుకోకండి’ చాలా చోట్ల సరిపోతుంది. నిజంగా తప్పు జరిగితే ఏం జరిగిందో పేరుపెట్టి చెప్పి ఒప్పుకోవడం మేలు, ఒట్టి సారీ అనేసి వెళ్లిపోతే మనసులో మిగిలిపోతుంది.

బయల్దేరుతున్న మనిషిని ‘ఎక్కడికి?’ అనకుండా ‘దూరమా?’ అనే అలవాటు మీ వైపూ ఉంది కదా, ఇక్కడా అంతే. మనం ‘వెళ్లొస్తాను’ అన్నట్టే ఒడియా వాళ్లు ‘ఆసుఛి’ అంటారు, వస్తున్నాను అని. ఎవరైనా మీ గుమ్మం దిగుతూ ఆ మాటంటే మళ్లీ లోపలికి వస్తున్నారేమో అని కంగారుపడకండి.

పిల్లలుంటే మాత్రం ఈ పని ఆలస్యం చేయకండి. వాళ్లు మీకన్నా ముందే ఒడియా పట్టేస్తారు, పట్టేది స్నేహితుల దగ్గర కాబట్టి అంతా ‘తు’ భాషే వస్తుంది. టీచర్‌తో, పక్కింటి తాతగారితో ‘ఆపణ’ అనాలని మీరే కూర్చోబెట్టి చెప్పండి. మీకు రాకపోతే మీ ఇంటి ఓనరమ్మను అడగండి, సంతోషంగా నేర్పుతారు. ఆ వంకన మీకూ వచ్చేస్తుంది.