ఊడ్పుల నెలలో హాజరు ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి ఇరవై అయిదేళ్లు. ఎంబీఏ హెచ్ఆర్ 62 శాతంతో పాసై, రెండేళ్లుగా భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలో హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్‌గా చేస్తోంది. హాజరు, పీఎఫ్, ఈఎస్ఐ, కాంట్రాక్టర్ల బిల్లులు చూస్తుంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి ‘పీపుల్ అనలిటిక్స్’లో పీహెచ్‌డీ చేసి లెక్చరర్ అవుతానంటోంది. అదేమిటో నాకు అర్థం కాలేదు. ఒక సంస్థవాళ్లు లక్షా ఎనభై వేలకి సర్టిఫికెట్ కోర్సు ఉందంటున్నారు. ఇంకొకాయన వేరే రాష్ట్రం యూనివర్సిటీలో, ఇంట్లో కూర్చునే పీహెచ్‌డీ ఇప్పిస్తానన్నాడు. మరోపక్క సంబంధాలు చూస్తున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: నమస్కారమండి. మీ ఉత్తరంతోపాటు అమ్మాయి రాసి జతచేసిన అరపేజీ కూడా చదివాను. మీరు దాన్ని చదివారో లేదో గానీ, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

తను రాసింది ఇదీ. ఫ్యాక్టరీలో పీలింగ్ సెక్షన్, అంటే రొయ్యల పొట్టు తీసే విభాగం ఆడవాళ్ల హాజరు ఏడాదికి రెండుసార్లు బాగా పడిపోతోంది. జులై, ఆగస్టుల్లో ఒకసారి, జనవరిలో ఇంకోసారి. కొత్తగా కొన్న సాఫ్ట్‌వేరేమో వరుసగా పది రోజులు రానివాళ్ల పేరు పక్కన ‘మానేశారు’ అని ఎర్రగుర్తు పెడుతోంది. ఆ గుర్తులు చూసి మేనేజరు గారు కాంట్రాక్టర్‌ని మార్చేశారు. మళ్లీ జనవరిలో అదే కథ. చివర్లో ఒక్క వాక్యం రాసింది: ‘సార్, వాళ్లు మానెయ్యలేదు, ఊడ్పులకి వెళ్లారు.’

ఇందులో వింతేముంది అంటారు మీరు. సార్వా ఊడ్పులెప్పుడో, దాళ్వా ఊడ్పులెప్పుడో గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లాడికైనా తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకి తెలియదు, అంతే. మీకు అర్థం కాలేదన్న పీపుల్ అనలిటిక్స్ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. పనిచేసేవాళ్ల గురించి కంపెనీ దగ్గర పోగయ్యే లెక్కలు, అంటే హాజరు, జీతం, ఎవరు ఎప్పుడు చేరారు, ఎందుకు మానేశారు, శిక్షణ ఇచ్చాక పని మెరుగైందా లేదా, వీటన్నిటినీ గణాంకాలతో పరిశీలించి నిర్ణయాలకి ఆధారం చూపించడం. కంపెనీలో కూర్చుని చేస్తే అది ఉద్యోగం. ‘ఇలా ఎందుకు జరుగుతోంది, వేరేచోట కూడా ఇలాగే ఉంటుందా’ అని అడిగి, రుజువులతో వ్యాసం రాసి, తోటి పరిశోధకుల చేత తప్పులు పట్టించుకుని, ఆ తర్వాత పిల్లలకి చెబితే అది అకడమిక్ కెరీర్.

అమ్మాయి ప్రశ్నని కాస్త ముందుకి లాగి చూడండి. మన జిల్లాల్లో కొన్ని ఊళ్లలో నాట్లు మానేసి వరి విత్తనం వెదజల్లుతున్నారు. అక్కడ ఊడ్పుల కూలీ పని తగ్గుతుంది. మరి ఆ ఊళ్ల నుంచి ఫ్యాక్టరీకి వచ్చే ఆడవాళ్ల హాజరు జులైలో పడిపోతుందా, పడిపోదా? పడిపోకపోతే అమ్మాయి అనుమానానికి బలమొచ్చినట్టే. పడిపోతే వేరే కారణం వెతకాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అలాంటప్పుడు ఆర్డర్లు తగ్గి ఫ్యాక్టరీయే షిఫ్టులు తగ్గించినా హాజరు పట్టీలో కనిపించేది అదే ఖాళీ గడి. ఆవిడ రాలేదా, రమ్మనలేదా? ఈ రెండింటినీ విడదీయడానికే గణాంక శాస్త్రం కావాలి. ఎవరు ఎంతకాలం పనిలో నిలిచారో లెక్కకట్టే సర్వైవల్ అనాలిసిస్ అనే పద్ధతి ఉంది. వైద్యంలో రోగులు ఎంతకాలం బతికారో చూడటానికి వాడతారు. ఇంకా మానెయ్యకుండా పనిలోనే ఉన్నవాళ్లని కూడా వదిలెయ్యకుండా లెక్కలోకి తీసుకోవడం దాని గొప్పతనం. వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లని లెక్కించే పద్ధతులూ అందులో ఉన్నాయి.

మీ ఇంటికి ఎంతో దూరం లేని నరసాపురం సంగతి చెప్పాలి. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడ లేసు అల్లే ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. వాళ్లు అల్లిన లేసు విదేశాలకి ఎగుమతవుతోంది, కానీ వాళ్లని అందరూ ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకునే గృహిణులుగానే చూశారు, కార్మికులుగా లెక్కలోకే తీసుకోలేదు అన్నది అందులో ముఖ్యమైన విషయం. ప్రపంచంలో స్త్రీల శ్రమ గురించి చదివేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని ప్రస్తావిస్తారు. మన లేసు మీద అంత పని ఎక్కడో జర్మనీ నుంచి వచ్చినావిడ చేసింది. రొయ్యల షెడ్డు మీద పాలకొల్లు అమ్మాయి చేస్తే తప్పేముందండీ?

కాబట్టి తను పరిశోధనకి పనికొస్తుందా అన్న అనుమానం నాకు లేదు. దారి ఎంచుకోవడంలోనే జాగ్రత్త కావాలి.

ముందు ఆ ఇంట్లో కూర్చునే పీహెచ్‌డీ. వద్దు. విశ్వవిద్యాలయాలకి నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ పీహెచ్‌డీ ఇవ్వకూడదు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి అనుమతి ఉంది, కానీ దానికి పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, ప్రవేశమూ, కోర్స్‌వర్కూ, థీసిస్ పరీక్షా మామూలు పీహెచ్‌డీ లాగే ఉంటాయి. ‘ఇప్పిస్తాను’ అన్నాడు చూశారా, ఆ మాట దగ్గరే ఫోన్ పెట్టెయ్యాల్సింది.

సర్టిఫికెట్ కోర్సు కూడా ఇప్పుడు వద్దనే అంటాను. మీరు పంపిన కరపత్రంలో ‘ఉద్యోగి మానేస్తాడో లేదో ముందే కనిపెట్టే ప్రాజెక్టు’ అని గొప్పగా వేశారు. ఇలాంటి కోర్సుల్లో తరచుగా వాడేది ఐబీఎంవాళ్లు తయారుచేసి బయటపెట్టిన డేటా. 1,470 మంది ఉద్యోగులు, 35 కాలమ్‌లు. అది ఊరికే దొరుకుతుంది. పైగా అందులో మనుషులంతా కల్పితం. నేర్చుకోవడానికి మంచిదే, కానీ దానికి లక్షా ఎనభై వేలు ఎందుకండీ? ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఉచితం, పైథాన్ ఉచితం, కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలూ ఉచితంగా వినొచ్చు. రోజుకి గంట చొప్పున ఆరు నెలలు కూర్చుంటే రిగ్రెషన్ (ఒకదాని మీద మరొకటి ఎంత ఆధారపడుతుందో లెక్కకట్టే పద్ధతి) దాకా వస్తుంది. ఎంబీఏలో స్టాటిస్టిక్స్ పేపర్‌ని చాలామంది లాగే తనూ బట్టీపట్టి గట్టెక్కి ఉంటే, ఈసారి మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇక నెట్ పరీక్ష, అంటే లెక్చరర్ పోస్టుకీ, పరిశోధన ఫెలోషిప్‌కీ అర్హత తేల్చే జాతీయ పరీక్ష. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు సైకిళ్ల పేరుతో జరుగుతుంది. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకి 50. తనకి 62 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. సబ్జెక్టు ఎంచుకునేచోట చాలామంది హెచ్ఆర్ విద్యార్థులు ఆలోచించకుండా మేనేజ్‌మెంట్ అని టిక్ పెట్టేస్తారు. అందులో ఫైనాన్స్, మార్కెటింగ్ అన్నీ చదవాలి. లేబర్ వెల్ఫేర్, పర్సనెల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, హెచ్ఆర్ఎం కలిపిన సబ్జెక్టు విడిగా ఉంది, కోడ్ 55. పీఎఫ్, ఈఎస్ఐ, కాంట్రాక్టు కార్మికుల చట్టాలతో రోజూ కుస్తీ పట్టే మీ అమ్మాయికి అది సగం తెలిసిన సిలబస్. అయితే బిజినెస్ స్కూల్లోనే పనిచేయాలని తన పట్టుదలైతే, అక్కడి ప్రకటనల్లో ఏ సబ్జెక్టు నెట్ అడుగుతున్నారో నాలుగైదు చూసి అప్పుడు నిర్ణయించుకోమనండి. ఇంకో మాట: 2025 నవంబరు 21 నుంచి పాత 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. బజారులో దొరికే గైడ్లలో ఇంకా పాత చట్టాలే ఉండొచ్చు. రెండూ చదవాలి.

నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే సగం చిక్కులు పోతాయి. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000 ఇస్తున్నారు, ఇంటద్దె భత్యం అదనం. వయోపరిమితి 30 ఏళ్లు, ఆడపిల్లలకి మరో అయిదేళ్ల సడలింపు ఉంది. ఇరవై అయిదు దాటుతోందని మీరు కంగారుపడక్కర్లేదు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. జేఆర్ఎఫ్ రాకపోయినా ఆ స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ ఉంటుంది. కాకపోతే ప్రవేశానికి ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

ఎక్కడ చేరాలంటారా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హెచ్ఆర్ఎంకి విడిగా విభాగం ఉంది, మనకి దగ్గర కూడా. ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో కార్మిక సంబంధాల మీద దశాబ్దాల సంప్రదాయం ఉంది, రొయ్యల షెడ్డు లాంటి ప్రశ్నకి ఆ వాతావరణం బాగా నప్పుతుంది. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్ఆర్ఐ 1949 నుంచీ ఈ రంగంలో ఉంది. ఐఐఎంలలో పూర్తికాలం పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు ఉండదు, వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. కానీ క్యాట్ లాంటి ప్రవేశ పరీక్ష స్కోరు కావాలి, పోటీ గట్టిది, గణాంకాల పాఠాలు మొదటి ఏడాదే ఊపిరి సలపనివ్వవు. విశాఖలోనే 2015 నుంచి ఒక ఐఐఎం ఉంది. దూరం అని మీరు, కష్టం అని తను ముందే తీసిపారెయ్యకండి. ఒకసారి రాసి చూడాలి.

అయినా యూనివర్సిటీ పేరు కన్నా గైడ్ ముఖ్యం. ఇది నేను డబ్బు, కాలం రెండూ పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. చిన్నప్పుడు నేనూ ఒకచోట పీహెచ్‌డీలో చేరాను. ఎక్కడన్నది అనవసరం. గైడు గారు చాలా పెద్దమనిషి, మర్యాదస్తుడు, రమ్మన్నరోజు మాత్రం ఉండేవారు కాదు. రెండేళ్లలో ఆయన గది బయట బెంచీ మీద కూర్చుని దినపత్రికలు తిరగేయడం తప్ప నేను చేసిన పరిశోధన లేదు. ఒక్క చాప్టరు ఇచ్చాను, అది దారం కూడా విప్పకుండా తిరిగొచ్చింది. మూడో ఏడు మానేసి ఈ కౌన్సెలింగ్‌లో పడ్డాను. కాబట్టి అమ్మాయి ముందు గైడ్ రాసిన వ్యాసాలు నాలుగు చదవాలి. తర్వాత ఆయన లేక ఆవిడ దగ్గర ఇప్పుడు చేస్తున్న ఇద్దరు స్కాలర్లతో, డిపార్ట్‌మెంట్‌లో కాదు, బయట టీ తాగుతూ మాట్లాడాలి. ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మాత్రమే తీసుకోవాలన్నది నిబంధన. ఎంతమంది ఉన్నారు, గత అయిదేళ్లలో ఎందరు పూర్తిచేశారు అని అడగడం అమర్యాద కాదు.

పెళ్లి గురించి నేను ఒక్కటే చెబుతాను. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆడవాళ్లకి అదనపు గడువు ఉంది, 240 రోజుల దాకా ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు కూడా ఇవ్వొచ్చు. అంటే నిబంధనలు అడ్డం రావు. అడ్డం వస్తే సంబంధం వాళ్లే రావాలి. పెళ్లిచూపుల్లోనే ఈ విషయం తేల్చి చెప్పెయ్యండి, చదువు సంగతి ‘తర్వాత చూద్దాం’ అనేవాళ్ల దగ్గర ముఖ్యంగా.

డబ్బు సంగతి దాచను. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏడో వేతన సంఘం ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 నుంచి మొదలవుతుంది, భత్యాలు అదనం. కానీ ఆ పోస్టులకి నోటిఫికేషన్ల కోసం ఏళ్లు ఎదురుచూసినవాళ్లని చూశాను. ప్రైవేటు కాలేజీలు కాగితం మీద రాసేదొకటి, చేతికొచ్చేదొకటి. చేరేముందు అక్కడ పనిచేస్తున్నవాళ్లని కనుక్కోవాలి. నియామకానికి నెట్ లేదా సెట్ (రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష) ఉంటే చాలని యూజీసీ 2023లో సవరించింది, అయినా మంచి బిజినెస్ స్కూళ్లు పీహెచ్‌డీ లేనిదే పిలవవు. ఒక ఊరట ఏమిటంటే, ఫ్యాక్టరీలో చేసిన ఈ రెండేళ్లు వృథా కావు. ఎంబీఏ పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు, జీతాల రోజున మేస్త్రీ గదిలో జరిగే గొడవ కళ్లారా చూసిన టీచరు వేరు.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. జేఆర్ఎఫ్ అయినా, స్టైపెండ్‌తో సీటు అయినా చేతికొచ్చాక మానొచ్చు. ఒక్క హెచ్చరిక, ఇది మాత్రం అమ్మాయికే నేరుగా: ఫ్యాక్టరీ హాజరు లెక్కలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తేవద్దమ్మా. అది నీది కాదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చట్టం వచ్చింది, అది లేకపోయినా ఇది తప్పే. పరిశోధనకి కావాలంటే యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడుగు, పేర్లు తీసేసి ఇమ్మను. ఇవ్వకపోతే ఆ ఆడవాళ్ల ఊళ్లకే వెళ్లి, ఎందుకు అడుగుతున్నావో చెప్పి, ఒప్పుకున్నవాళ్లతో మాట్లాడు. ఎర్రగుర్తు పడిన ఆడవాళ్లు నీతో మాట్లాడటానికి సంతోషిస్తారనే అనుకుంటున్నాను, వాళ్లని అడిగినవాళ్లు ఇంతవరకు ఉన్నట్టు లేరు.

నువ్వు పంపిన అరపేజీని ముందు రెండు పేజీలు చెయ్యి. ఏం చూశావు, ఎందుకని నీ అనుమానం, ఆ అనుమానం తప్పని ఎలా తేలొచ్చు, ఈ మూడూ ఉండాలి. తెలుగులోనే రాసి పంపు, ఇంగ్లీషులోకి తర్వాత ఇద్దరం కూర్చుని మారుద్దాం.