మన ప్రభుత్వం మిగతా దేశాలకంటే నయమేనా? ఎలా తేల్చుకోవాలి?

"వాళ్లకంటే మనం నయం" అన్నది నిజమే కావచ్చు, కానీ పక్కవాడి పాపంతో మన పాపం పోదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి, అమెరికా సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. ఎక్కువమంది సొంత పౌరులే. అదే సమయంలో నాజీలు చేస్తున్నది అంతకంటే ఎన్నో రెట్లు ఘోరం. అయినా అమెరికా ఆ పోలికతో సరిపెట్టుకోకుండా 1988లో చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది, బతికున్నవాళ్లకు తలా 20,000 డాలర్లిచ్చింది. (46 ఏళ్లు పట్టిందనుకోండి!)

నేనైతే రెండు చూస్తాను. ఇదే పని శత్రుదేశం చేస్తే ఏమనేవాళ్లం? తప్పు బయటపెట్టిన విలేకరి ఆఫీసులో ఉన్నాడా, జైల్లో ఉన్నాడా? అసలు తేడా ఎక్కువగా రెండోదానిలోనే తెలుస్తుంది.