టెక్ సందేహాలు: పేపర్ ఒకటే, కాపీలు మూడు

ప్రశ్న: జర్నల్ సైట్‌లో పేపర్ సారాంశం వరకే కనిపిస్తోంది. మిగతాది చదవాలంటే డబ్బు కట్టమంటోంది. నేను ఏ యూనివర్సిటీలోనూ లేను. చట్టబద్ధంగా పూర్తి పేపర్ చదివే దారి ఉందా?

చాలాసార్లు ఉంటుంది. పేపర్ ఒకటే అయినా దానికి సాధారణంగా మూడు కాపీలు ఉంటాయి. జర్నల్‌కు పంపేటప్పుడు రచయితలు రాసుకున్నది ప్రీప్రింట్. నిపుణులు సమీక్షించి, మార్పులు చేయించాక జర్నల్ ఒప్పుకున్న రాతప్రతి రెండోది. దానికి పేజీలు కట్టి, నంబర్లు వేసి సైట్‌లో పెట్టింది మూడోది. మీకు అడ్డొచ్చిన తాళం ఈ మూడోదానిదే. మిగతా రెండిట్లో ఏదో ఒకటి రచయిత పనిచేసే సంస్థ సర్వర్‌లోనో, ప్రీప్రింట్ సైట్‌లోనో ఉచితంగా ఉండే అవకాశం ఉంది.

వెతకడం ఇలా మొదలుపెట్టండి. పేపర్ శీర్షికను కాపీ చేసి, రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. కుడివైపు పీడీఎఫ్ లింకు కనిపిస్తే పని అయిపోయినట్టే. కనిపించకపోతే ఫలితం కింద ‘ఆల్ వెర్షన్స్’ అనే లింకు ఉందేమో చూడండి. చాలామంది దీన్ని నొక్కరు. ఆ పేపర్ ఎన్ని చోట్ల ఉందో అన్నీ అక్కడ వరుసగా ఉంటాయి. పబ్లిషర్ సైట్‌ను వదిలేసి, యూనివర్సిటీ చిరునామాలున్న లింకులు తెరిచి చూడండి.

రోజూ ఇదే పని ఉన్నవాళ్లు క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే హాయి. పేపర్ పేజీ తెరవగానే కుడి అంచున తాళం గుర్తు వస్తుంది. అది ఆకుపచ్చగా ఉంటే ఎక్కడో ఉచిత కాపీ ఉన్నట్టు, బూడిద రంగులో ఉంటే దానికి దొరకనట్టు. ఇది డీఓఐ, అంటే పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్, ఆధారంగా వెతుకుతుంది కాబట్టి ఆ నంబర్ లేని పాత పేపర్ల పేజీల్లో అసలు తాళమే రాదు. ఎక్స్‌టెన్షన్ పాడైందని దాన్ని తీసేయకండి.

వైద్యం, జీవశాస్త్రం పేపర్లకు పబ్‌మెడ్ సెంట్రల్, యూరప్ పీఎంసీ అనే ఉచిత పేపర్ల భాండాగారాలు చూడండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో జరిగిన పరిశోధనల రాతప్రతులు అక్కడికి చేరాలన్నది నిబంధన. మొన్నటిదాకా అవి బయటికి రావడానికి 12 నెలల వరకు గడువు ఇచ్చేవాళ్లు. 2025 జులై 1 నుంచి జర్నల్ ఆమోదం పొందిన పేపర్లకు ఆ గడువు తీసేశారు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ అయితే 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) ప్రీప్రింట్ సైట్, జీవశాస్త్రానికి బయోఆర్కైవ్, వైద్యానికి మెడ్ఆర్కైవ్ ఉన్నాయి.

ఇన్ని చేసినా దొరక్కపోతే రచయితకే మెయిల్ రాయండి. పేర్ల వరుసలో కవరు గుర్తు ఉన్నవాళ్లే ఉత్తరాలకు జవాబు చెప్పాల్సినవాళ్లు. పేపర్ శీర్షిక, డీఓఐ, మీకెందుకు కావాలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. మెయిల్ తిరిగొస్తే రచయిత ఉద్యోగం మారి ఉండొచ్చు. పరిశోధకుల వివరాలుండే ఓర్‌కిడ్ సైట్‌లో పేరు వెతికితే ఇప్పుడు ఏ సంస్థలో ఉన్నారో తెలిసే వీలుంది.

ఒక జాగ్రత్త. మీకు దొరికింది రాతప్రతి అయితే అందులోని పేజీ నంబర్లను ఉటంకింపుల్లో వాడకండి, జర్నల్‌లోని పేజీలకూ వాటికీ పొంతన ఉండదు. ప్రీప్రింట్ అయితే ఎన్నో వెర్షనో చూడండి. ఆర్కైవ్‌లో చిరునామా చివర వీ1, వీ2 అని ఉంటుంది. సమీక్షలో అంకెలు మారడం మామూలే కాబట్టి, ఏదైనా అంకెను వాడుకునే ముందు దాన్ని చివరి కాపీ సారాంశంతో పోల్చుకోండి.

ప్రశ్న: ఒక పేపర్ చివర ఉన్న జాబితా నుంచి డీఓఐ కాపీ చేసి పెడితే ‘డీఓఐ నాట్ ఫౌండ్’ అంటోంది. రెండు మూడింటికి ఇలాగే జరిగింది. సైట్ పనిచేయడం లేదా?

సైట్ తప్పేమీ ఉండదు, కావాలంటే పరీక్షించుకోండి. డీఓఐ డాట్ ఓఆర్‌జీ తెరిచి 10.1000/182 అని కొట్టండి. డీఓఐల హ్యాండ్‌బుక్ తెరుచుకుంటే లోపం మీరు కాపీ చేసిన నంబర్‌లో ఉన్నట్టే.

డీఓఐ ఎప్పుడూ 10తో మొదలవుతుంది, తర్వాత చుక్క, నాలుగు లేదా అంతకు మించి అంకెలు, ఆ తర్వాత ఏటవాలు గీత (/), చివర పబ్లిషర్ ఇష్టమొచ్చినట్టు పెట్టుకున్న అక్షరాలూ అంకెలూ. తప్పులు ఎక్కువగా ఈ చివరి భాగంలోనే జరుగుతాయి. వాక్యం చివరి ఫుల్‌స్టాప్ కూడా కాపీలో వచ్చేస్తుంది. ముందు దాన్ని తీసి చూడండి, సగం సార్లు అక్కడే తేలిపోతుంది. పీడీఎఫ్‌లో డీఓఐ రెండు లైన్లుగా విరిగి ఉంటే మధ్యలో ఖాళీయో, అచ్చులో అదనంగా వేసిన హైఫనో చేరుతుంది. మామూలు హైఫన్ బదులు కాస్త పొడుగు గీత రావడమూ ఉంది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. ఆ గీతను చెరిపి కీబోర్డు మీద మళ్లీ కొట్టండి. స్కాన్ చేసిన పేపరైతే సున్నా, ‘ఓ’ అక్షరం తారుమారై ఉంటాయి. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్న బెంగ మాత్రం అక్కర్లేదు, డీఓఐకి రెండూ ఒకటే.

1990ల నాటి కొన్ని పేపర్లకు మరో తిప్పలు. వాటి డీఓఐల్లో బ్రాకెట్లు, సెమీకోలన్లు, కోణాకారపు గుర్తులు కూడా ఉంటాయి. మెయిల్‌లోనో వర్డ్‌లోనో అలాంటి లింకును నొక్కితే ఆ గుర్తు దగ్గరే తెగిపోయి, మిగతా సగం పోతుంది. లింకు నొక్కకుండా మొత్తం డీఓఐని సెలెక్ట్ చేసి డీఓఐ సైట్ పెట్టెలో అతికించండి.

పేపర్ నిన్నో మొన్నో వచ్చిందయితే పబ్లిషర్ ఇంకా నంబర్ నమోదు చేయకపోయి ఉండొచ్చు, కొన్ని రోజులు ఆగండి. ఇవేవీ కాకపోతే పబ్లిషర్లు డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సైట్ సెర్చ్‌లో శీర్షికతో వెతికితే అసలు డీఓఐ దొరుకుతుంది. మీరు వెతికేది పేపర్ కాక డేటాసెట్ అయితే అక్కడ కనిపించకపోవచ్చు. వాటి డీఓఐలను ఎక్కువగా డేటాసైట్ అనే సంస్థ ఇస్తుంది. ఏటవాలు గీత గానీ చుక్క గానీ లేని ఉత్త ఎనిమిదంకెల నంబరైతే అది డీఓఐ కాదు, వైద్య పేపర్లను వెతికే పబ్‌మెడ్ సైట్ ఇచ్చిన నంబర్ అయి ఉంటుంది.

ప్రశ్న: పబ్‌మెడ్‌లో ఒకసారి వేల ఫలితాలు, ఇంకోసారి సున్నా. పదాలు దాదాపు అవే. ఎందుకిలా?

పబ్‌మెడ్ మీరు కొట్టినదాన్ని కొట్టినట్టు వెతకదు. ‘హార్ట్ ఎటాక్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ పేపర్లు కూడా వస్తాయి. వెనకాల మెష్ అనే వైద్య పదకోశం ఉంది. మీ మాటను అందులోని ప్రామాణిక పదంతో జతచేసి, రెండిటినీ కలిపి వెతుకుతుంది. అది ఏం చేసిందో చూడాలంటే అడ్వాన్స్‌డ్ పేజీ తెరవండి. కింద హిస్టరీలో మీ సెర్చ్ పక్కన ‘డీటెయిల్స్’ బాణం ఉంటుంది. నొక్కితే పబ్‌మెడ్ మీ మాటను ఎలా అర్థం చేసుకుందో పొడుగ్గా కనిపిస్తుంది. ఫలితాలు తేడాగా ఉన్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

అదే మాటను కొటేషన్లలో పెడితే ఇలా జతచేయడం ఆగిపోతుంది. పదం చివర నక్షత్రం గుర్తు పెట్టినా అంతే. పైగా నక్షత్రానికి ముందు కనీసం నాలుగు అక్షరాలు ఉండాలి. అందుకే ‘దాదాపు అవే పదాలు’ అయినా ఫలితాలు మారిపోతాయి. ఆండ్, ఆర్, నాట్ అనేవి ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే కొట్టాలి. పబ్‌మెడ్ వాటిని ఎడమ నుంచి కుడికి వరుసగా చదువుకుంటూ పోతుంది కాబట్టి ఆర్‌తో కలిపిన పదాలను తప్పకుండా బ్రాకెట్లలో పెట్టండి.

సున్నా ఫలితాలకు నాకు ఎక్కువ అనుమానం ఫిల్టర్ల మీద. పోయినసారి ఎడమవైపు ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’, ‘1 ఇయర్’ టిక్ పెట్టి వదిలేస్తే తర్వాతి సెర్చ్‌లకూ అవి అంటుకునే ఉంటాయి. ఫలితాల పైన ఆ సంగతి రాసి ఉంటుంది, ‘క్లియర్ ఆల్’ నొక్కండి. ప్రశ్నను పూర్తి వాక్యంగా కొట్టే అలవాటుంటే అదీ మానుకోండి. ఒక్కో పదాన్నీ ఆండ్‌తో కలుపుకుంటూ పోవడంతో వాక్యం పెరిగేకొద్దీ ఫలితాలు తరుగుతాయి. రెండు మూడు ముఖ్యమైన మాటలు చాలు.

సమగ్రంగా వెతకాల్సినవాళ్లు మెష్ పదాలనే నమ్ముకోకూడదు. పబ్‌మెడ్‌లో ఉన్న ప్రతి పేపర్‌కూ మెష్ ట్యాగులు వేయరు. పబ్‌మెడ్ సెంట్రల్ ద్వారా మాత్రమే వచ్చినవాటికి, ప్రీప్రింట్లకు అవి ఉండవు. మెష్ పదాన్నీ, శీర్షిక-సారాంశంలో వెతికే టీఐఏబీ ట్యాగ్ [tiab] తగిలించిన మామూలు మాటలనూ ఆర్‌తో కలిపి వెతకండి.

ప్రశ్న: మా యూనివర్సిటీకి చందా ఉంది. వీపీఎన్ కలిసినట్టు చూపిస్తున్నా ఇంటి నుంచి పేపర్లు తెరుచుకోవడం లేదు.

పబ్లిషర్ సైట్ చాలా చోట్ల మిమ్మల్ని క్యాంపస్ ఐపీ చిరునామాతో గుర్తుపడుతుంది. కొన్ని వీపీఎన్‌లు క్యాంపస్ సర్వర్ల ట్రాఫిక్‌ను మాత్రమే తమ దారిన పంపి, మిగతా ఇంటర్నెట్‌ను మామూలుగా వదిలేస్తాయి. అప్పుడు పబ్లిషర్‌కు కనిపించేది మీ ఇంటి చిరునామాయే. వీపీఎన్ యాప్‌లో ట్రాఫిక్ మొత్తాన్నీ పంపే ప్రొఫైల్ ఉందేమో చూడండి. లేకపోతే లైబ్రరీ సైట్‌లోని లింకు నుంచే జర్నల్ తెరవండి. ప్రాక్సీ, అంటే మధ్యలో ఉండే లైబ్రరీ సర్వర్, పనిచేస్తుంటే అడ్రస్ బార్‌లో పబ్లిషర్ పేరు తర్వాత మీ లైబ్రరీ సర్వర్ పేరు కూడా ఉంటుంది. లేదంటే మీరు నేరుగా వెళ్లినట్టే. సాధారణ బుక్‌మార్కులతో వచ్చే చిక్కు ఇదే.

లాగిన్ సరిగ్గానే అయినా ఒక్క పేపర్ మాత్రం తెరుచుకోకపోతే అది వచ్చిన సంవత్సరం మీ చందాలో లేకపోయి ఉండొచ్చు. పాత సంపుటాలను పబ్లిషర్లు విడిగా అమ్ముతారు. ఎలాగూ దొరికింది కదా అని ఏదో టూల్‌తో వందల పీడీఎఫ్‌లు ఒకేసారి లాగకండి. పబ్లిషర్ ఆ ఐపీని ఆపేస్తే మీతోపాటు క్యాంపస్ అంతా బయటే నిలబడాలి.

ప్రశ్న: చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు నిజమైనవో కాదో త్వరగా తేల్చడం ఎలా?

డీఓఐ తెరుచుకుంది కదా అని నమ్మకండి, అది వేరే పేపర్‌ది కావచ్చు. తెరుచుకున్న పేజీలో శీర్షిక, మొదటి రచయిత, సంవత్సరం, జర్నల్ నాలుగూ కలవాలి. అబద్ధపు రిఫరెన్సుల్లో రచయిత నిజమే, జర్నల్ నిజమే, ఆ పేపర్ మాత్రం లోకంలో ఉండదు. కొటేషన్లలో పెట్టిన శీర్షిక స్కాలర్‌లోనూ, క్రాస్‌రెఫ్‌లోనూ, ఆ జర్నల్ సైట్‌లోనూ కనిపించకపోతే దాన్ని తీసేయండి.

నిజమైన పేపరే అయినా దాన్ని ఉపసంహరించారేమో చూడాలి. పబ్‌మెడ్‌లో అయితే పేపర్ పేజీ పైనే ఆ ప్రకటన కనిపిస్తుంది. ఎప్పుడో దింపుకున్న పీడీఎఫ్‌కు మాత్రం ఈ కబురు చేరదు. అందులో ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ బొమ్మ ఉంటే నొక్కండి. రిఫరెన్సులు దాచే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో పేపర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకా సులువు, ఉపసంహరించిన పేపర్ మీద అదే హెచ్చరిక వేస్తుంది.

ప్రశ్న: జొటెరోలో ఉచిత స్థలం నిండిపోయింది. ఫోల్డర్‌ను క్లౌడ్ డ్రైవ్‌లోకి మార్చేస్తే సరిపోతుందా?

ఆ పని మాత్రం చేయకండి. జొటెరో డేటా ఫోల్డర్‌లో ఒక డేటాబేస్ ఫైల్ ఉంటుంది. జొటెరో దాన్ని రాస్తుండగా క్లౌడ్ డ్రైవ్ కూడా కాపీ చేయబోతే ఆ ఫైల్ చెడిపోవచ్చు, దాంతో లైబ్రరీ మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ అటాచ్ చేసిన ఫైళ్లకే. పేపర్ల వివరాలు, నోట్సు ఎన్నయినా ఉచితంగానే సింక్ అవుతాయి. సెట్టింగ్స్‌లో సింక్ కింద ఫైల్ సింకింగ్ టిక్ తీసేస్తే వివరాలు అన్ని కంప్యూటర్లకూ వెళ్తాయి, పీడీఎఫ్‌లు ఉన్నచోటే ఉంటాయి. పీడీఎఫ్‌లు కూడా అన్నిచోట్లా కావాలంటే అక్కడే జొటెరో బదులు వెబ్‌డావ్ (వేరే స్టోరేజ్‌కు ఫైళ్లు పంపే పద్ధతి) ఎంచుకుని, ఆ సౌకర్యం ఉన్న స్టోరేజ్ ఖాతా వివరాలు ఇవ్వండి.

స్థలం కోసం ఒకే పేపర్ రెండు ఎంట్రీలుగా ఉన్నవాటిని డిలీట్ చేసే ముందు ఆగండి. వర్డ్‌లో మీరు పెట్టిన ఉటంకింపు ఆ రెండింట్లో ఒకదానికి ముడిపడి ఉంటుంది. అది పోతే డాక్యుమెంట్‌తో లింకు తెగుతుంది. ఎడమవైపు ‘డూప్లికేట్ ఐటమ్స్’లోకి వెళ్లి మెర్జ్ చేయండి, ఉటంకింపులు చెక్కుచెదరవు.