గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది

అనంతపురం

పాపా,

మ్యూజిక్ వీడియోల చరిత్ర మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. తేదీలు సరిగ్గా ఉన్నాయి, భాష తేటగా ఉంది. కానీ 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ అనే పాటల టీవీ చానల్ మొదలవడం దగ్గర ఎత్తుకుని, యూట్యూబ్ దాకా వరసగా చెప్పుకుంటూ పోయి, చివర్లో "మన తెలుగులో కూడా" అంటూ ఒక పేరా అతికించావు. ఆ "కూడా" నాకు నచ్చలేదు. ఆదోనిలో కూర్చుని రాసే మనిషి న్యూయార్క్‌లో బయల్దేరి సొంతూరికి ఆఖరి బస్సులో చేరినట్టుంది.

ఏ ఏడు ఏం జరిగింది అనేదానికంటే ముందు ఒక ప్రశ్న వేసుకో. పాటకు చెవులు చాలు కదా, బొమ్మ ఎందుకు కావాల్సి వచ్చింది? ఎవరికి కావాల్సి వచ్చింది? డబ్బు ఎవరు పెట్టారు?

అలా అడిగితే కథ ఎంటీవీ కంటే చాలా వెనక్కి పోతుంది. 1894లో అమెరికాలో ఎడ్వర్డ్ మార్క్స్, జోసెఫ్ స్టెర్న్ అనే ఇద్దరు, తాము అచ్చు వేసిన పాట స్వరాల కాగితాలు అమ్ముడుపోవాలని, పాట పాడుతుండగా తెరమీద ఫొటో స్లైడ్లు వేయించారు. 1940లో పానోరమ్ అనే పెట్టె వచ్చింది. బార్లలో, హోటళ్ళలో పెట్టేవాళ్ళు. పది సెంట్ల నాణెం వేస్తే ఒక పాట. లోపలి ఫిల్ము చుట్టలో ఎనిమిది పాటలుండేవి, నీ నాణేనికి ఏది తగిలితే అదే చూడాలి, ఎంచుకునే వీల్లేదు. బొమ్మ అద్దాల మీద పడి తెరకు చేరాలి గనుక ఆ ఫిల్ముల్ని కుడిఎడమలు తారుమారు చేసి ప్రింటు వేసేవాళ్ళు. నీ వ్యాసంలో లేనివి ఇట్లాంటి వివరాలే.

1965 చివర్లో బ్రిటిష్ బ్యాండు బీటిల్స్ ప్రతి టీవీ స్టేషన్‌కూ తిరగలేక, తమ బదులు ఫిల్ములు పంపడం మొదలుపెట్టారు. 1975 నాటి క్వీన్ అనే బ్రిటిష్ బ్యాండు వాళ్ళ 'బొహీమియన్ రాప్సొడీ' గురించి "విప్లవాత్మకం" అని రాశావు. ఆ మాట కొట్టేసి జరిగింది చెప్పు. గొంతు మీద గొంతు పేర్చి స్టూడియోలో కట్టిన పాట అది. టీవీ షోలో నిలబడి పెదవులు కదిపితే తేలిపోతుంది, పైగా వాళ్ళకు టూర్ ఉంది. అందుకని రిహార్సల్ చేసుకుంటున్న ఎల్‌స్ట్రీ స్టూడియోలోనే దర్శకుడు బ్రూస్ గవర్స్ కొన్ని గంటల్లో వీడియో టేపు మీద తీసేశాడు. పాట బ్రిటన్‌లో 9 వారాలు మొదటి స్థానంలో ఉంది. అంటే అక్కడ వీడియో, గాయకుడు పోలేని చోటికి ఆయన ముఖాన్ని మోసుకుపోయింది.

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్‌'కు అన్ని పేజీలు వద్దు. 1983, దర్శకుడు జాన్ లాండిస్, దాదాపు 14 నిమిషాలు, ఇవి అందరికీ తెలుసు. అదే ఏడాది బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ ఎంటీవీ ఇంటర్వ్యూలోనే, మీ చానల్లో నల్లజాతి కళాకారులు ఎందుకింత తక్కువ కనిపిస్తారని నిలదీశాడు. అది రాయి.

మన దగ్గర కథ తలకిందులు. ఘంటసాల పాడితే రామారావు, నాగేశ్వరరావు పెదవులు కదిపారు. సుశీల గొంతు తెలియని ఇల్లు లేదు, కానీ ఆ గొంతు సావిత్రి ముఖంలోంచి వచ్చింది. పాటకు బొమ్మ పుట్టుకతోనే ఉంది, లేనిది పాడినవాళ్ళ ముఖం. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్ చిత్రలహరి కోసం వీధంతా ఒకే ఇంట్లో చేరినప్పుడు మనం చూసినవి సినిమాల్లోంచి కత్తిరించిన పాటలే. 1995లో అలీషా చినాయ్ లాంటివాళ్ళ హిందీ పాప్ వీడియోలు గాయని ముఖాన్ని ముందుకు తెచ్చాయి గానీ, తెలుగులో ఆ గాలి నిలవలేదని నా అభిప్రాయం. సినిమా పాట అంత బలంగా పాతుకుపోయింది. 2011లో తమిళ 'కొలవెరి' పాటకు, సినిమా రాకముందే, రికార్డింగ్ గదిలో పాడుతున్న దృశ్యాలనే వీడియోగా వదిలారు. ఇప్పటి లిరికల్ వీడియోల్లో మధ్యమధ్య గాయకులు హెడ్‌ఫోన్లతో కనబడటం ఆ వరసే.

గుత్తి దగ్గర తండా నుంచి వచ్చిన మంగ్లీ తన పాటలో తానే కనిపిస్తుంది. కానీ చాలా ఫోక్ సాంగ్స్‌లో ఇప్పటికీ పాడే అమ్మాయి వేరు, ఆడే అమ్మాయి వేరు. పాడినామె పేరు వీడియో కింద డిస్క్రిప్షన్లో ఎక్కడో ఉంటుంది. సినిమాను వదిలి బయటికొచ్చినా సినిమా అలవాటు వదల్లేదు. నీ వ్యాసం ఇక్కడ మొదలు కావాలి.

మన చెక్కభజన తీసుకో. గురువు పాట అందుకుంటే మిగతావాళ్ళు చెక్కలు వాయిస్తూ, అడుగులేస్తూ తిరిగి అంటారు. పాడే నోరు, ఆడే కాలు ఒకే మనిషివి. ఆయాసం కూడా పాటలో వినిపిస్తుంది. దాన్నే ముందుగా స్టూడియోలో రికార్డు చేసి, గండికోట లోయ అంచునో ఓర్వకల్లు రాళ్ళ మధ్యనో స్పీకర్లో వేసి ఆడించారనుకో, ఆయాసం మాయమవుతుంది, గుండ్రంగా తిరిగేవాళ్ళు కెమెరాకేసి వరసగా నిలబడతారు. (డ్రోన్ షాట్ ఎలాగూ తప్పదు. గండికోటకు ఆ ఖర్మ ఎప్పుడు తీరుతుందో!) బాగుందా చెడిందా అని తీర్పు చెప్పకు. ఏది పోయింది, ఏది కొత్తగా వచ్చింది అన్నది చూసి రాయి.

మీ ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళలో సినిమాతో సంబంధం లేని ఈ ప్రైవేట్ సాంగ్స్ తీసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ దగ్గరికి పో. ట్రాక్‌కు ఎంత, పాడినామెకు ఎంత, ఆడినామెకు ఎంత, యూట్యూబ్ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, అన్నీ అడుగు. మొదటిరోజు చెప్పరు. టీ తాగి వచ్చేసి మళ్ళీ పో. టెన్షన్ పడి పుస్తకం తెరిచి ఎదురుగా రాసుకోకు, బయటికొచ్చాక రాసుకో. పేర్లు వాడేముందు మాత్రం వాళ్ళను అడుగు.

ఎంటీవీని ఒక్క పేరాకు కుదించి, ఉగాదిలోగా మళ్ళీ పంపు. కాగితం మీద పంపితే మేలు, ఫోన్లో చదవడానికి నా కళ్ళు ఒప్పుకోవడం లేదు. మీ నాయనను అడిగినానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాయన